పాత కార్లకు పన్ను : వదంతియు, వాస్తవమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



"నిప్పు లేనిదే పొగ రాదు" అను సామెత తెలుగునాట తెలియనివారు లేరు. అయితే పొగ కనిపించిన ప్రతిచోటను కొంప కాలుచున్నదని కేకలు వేయువాడు ఎంత తొందరపాటువాడో, పొగను చూచియు అటు ప్రక్కకు తిరిగి పండుకొనువాడు అంత అజాగ్రత్తపరుడు. ఆ పొగ పొయ్యిలోనిదా, గడ్డివామిలోనిదా అని పోయి చూచి వచ్చువాడే వివేకి. ఈ మాటను నిరూపించుటకు నేటి ఉపన్యాసమునకు ఒక చిన్న విషయము ఎన్నుకొనబడినది. పాత మోటారు కార్లను ముచ్చటపడి కాపాడుకొనువారి నడుమ "ఈ కార్లకు పన్ను వేయబోవుచున్నారట" అను వదంతి మాటిమాటికి పుట్టి వ్యాపించుచుండును. అటువంటి కారు గలవారు ఈ సభలో ఒక్కరును ఉండకపోవచ్చును. కాని పన్నును గూర్చిన వదంతి చొరబడని ఇల్లు ఈ ఊరిలోనే కాదు, ఏ ఊరిలోను లేదు. కావున ఇది దూరదేశపు కథ అయినను ఇరుగుపొరుగు కథయే.

ఈ ముచ్చట మిక్కిలిగా వేరూనిన దేశము బ్రిటను. అక్కడ 1865 నాటి చట్టము ప్రకారము రోడ్డుపై యంత్రముతో నడచు బండికి ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. ఆ బండి పట్టణములలో గంటకు 2 మైళ్ళకు, బయట 4 మైళ్ళకు మించి పోరాదు. క్రమముగా సడలుచు వచ్చిన ఆ నిర్బంధములు 1896 నవంబరు 14వ తేదీన తొలగిపోయెను. ఆనాడు మోటారు ప్రియులు పట్టరాని సంతోషముతో లండను నుండి బ్రైటను సముద్రతీరమునకు తమ కార్లను నడుపుకొని పోయిరి. 1927 నుండి ఆ ప్రయాణమును, కొన్ని విరామములు తప్ప, ఏటేట స్మరించుకొనుచున్నారు. 1905కు ముందు నిర్మింపబడిన కార్లకే అందులో ప్రవేశము. ఇత్తడి దీపములు, తోలు ఆసనములు, చెక్క చక్రములు గల ఆ బండ్లు చలిలో దగ్గుచు, ఆగుచు, మరల కదలుచు పోవుచుండగా జనము దారి పొడవునను నిలిచి చూతురు.

మనవారికిని ఈ ముచ్చట కొత్త కాదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున, నిజాము ప్రభువులకై 1912లో నిర్మింపబడిన పసుపుపచ్చని రోల్సు రాయిసు కారును నేటికిని చూడవచ్చును. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారు కొన్ని ఇండ్లలో కుటుంబసభ్యుని వలె నిలిచియున్నది. పాత కారును కాపాడుట ధనికుల విలాసము మాత్రమే యని తలపరాదు. ఆ కారు వెనుక ఒక కమ్మరి, ఒక వడ్రంగి, తోలు కుట్టువాడు, రంగువేయువాడు జీవించుచుందురు. దుకాణములో దొరకని చిన్న భాగమును చేతితో తయారు చేయగల పనితనము ఆ కార్లు ఉన్నంతకాలమే నిలుచును.

ఇక పన్ను సంగతి. బ్రిటనులో 1904 జనవరి 1వ తేదీ నుండి మోటారు వాహనములకు నమోదు సంఖ్యలు వచ్చెను. 1921 జనవరి నుండి ఇంజను యొక్క అశ్వశక్తికి ఒక్కింటికి 1 పౌండు చొప్పున ఏటా పన్ను విధింపబడినది. కాని ఆ అశ్వశక్తి నిజముగా కొలిచినది కాదు. సిలిండరు వెడల్పును, సిలిండర్ల సంఖ్యను బట్టి కాగితముపై లెక్క కట్టినది. అమెరికాలో పుట్టిన ఫోర్డు మోడల్ టి కారు ఆ లెక్కకు 22½ అశ్వశక్తి గలదై 23 పౌండ్లు చెల్లింపవలసి వచ్చెను. బ్రిటనులోనే తయారైన చిన్న ఆస్టిన్ సెవెన్ కారుకు 8 పౌండ్లతో సరిపోయెను. సిలిండరు పొడవునకు ఆ లెక్కలో చోటు లేదు గనుక అక్కడి తయారీదారులు చాలకాలము సన్నని, పొడవైన సిలిండర్లనే నిర్మించుచు వచ్చిరి. పన్ను ఒక యంత్రము రూపునే మార్చివేయగలదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. 1948లో ఈ పద్ధతి తొలగి, కొత్త కార్లకు సమానముగా 10 పౌండ్ల పన్ను వచ్చినది.

అంతట చాల యేండ్లు గడచెను. 1995 నవంబరులో ఆర్థికమంత్రి కెన్నెత్ క్లార్కు తన బడ్జెటులో 25 సంవత్సరములు నిండిన కార్లకు ఈ సాలీనా పన్ను నుండి మినహాయింపు ప్రకటించెను. ఇట్టి మినహాయింపును కోరువారు చెప్పు కారణములు తెలియరానివి కావు. ఈ కార్లు సంఖ్యలో కొద్ది. ఏడాదిలో నడచు దినములును కొద్ది. దేశ పారిశ్రామిక చరిత్రకు ఇవి సాక్ష్యములు. ఈ మినహాయింపు జరుగుచు పోవునట్టిది. ఏటేట కొన్ని కార్లకు 25 ఏండ్లు నిండును, అవి వచ్చి మినహాయింపులో చేరును.

రెండేండ్లలోపల ప్రభుత్వము మారినది. 1997లో కొత్త ఆర్థికమంత్రి గార్డన్ బ్రౌను ఈ ద్వారమును మూసివేసెను. అప్పటికి లోపల ఉన్నవారిని బయటికి పంపలేదు. కాని 1973 జనవరి 1వ తేదీకి ముందు నిర్మింపబడిన కార్లకే మినహాయింపు అని హద్దు గీచెను. 1972 డిసెంబరులో తయారైన కారుకు పన్ను లేదు. ఒక్క నెల తరువాత అదే కర్మాగారమున, అదే పనివారి చేతులలో తయారైన కారు ఎంత వృద్ధాప్యము వచ్చినను పన్ను చెల్లింపవలసినదే. ఈ స్థితి పదునైదేండ్లకు పైగా సాగినది. 2013లో జార్జి ఆస్బర్ను హద్దును ఒక్క యేడు జరిపి, 2014లో దానిని మరల జరుగుచు పోవునట్లు చేసెను. అయితే ఈసారి 25 ఏండ్లకు బదులు 40 ఏండ్లు. ఈ లెక్క ప్రకారము 2025 ఏప్రిలులో, 1985 జనవరి 1వ తేదీకి ముందు నిర్మింపబడిన కార్లు మినహాయింపులో చేరినవి. అంతకు చిన్న వయస్సు గల పాత కారునకు ఇంజను పరిమాణమును బట్టి ఏటా 200 పౌండ్లకు పైబడి పన్ను పడుచున్నది.

సభ్యులారా! వదంతి ఎక్కడ పుట్టినదో ఇప్పుడు కొంత తెలియుచున్నది. మినహాయింపు ఇచ్చినది ప్రభుత్వము. సగములో ఆపినదియు ప్రభుత్వమే. మరల తెరచినదియు ప్రభుత్వమే. ఒకసారి పాలు త్రాగి నోరు కాల్చుకొన్నవాడు మజ్జిగను సైతము ఊదుకొని త్రాగును. బడ్జెటు దినములు సమీపించినప్పుడు "ఈసారి మనవంతు" అను భయము ఆ యజమానులకు కలుగుట సహజము. అది కేవలము వెఱ్ఱి కాదు. ఆ భయమునకు 1997 నాటి అనుభవము ఒక నిప్పు.

రెండవ నిప్పు ఇటీవలిది. విద్యుత్తుతో నడచు కార్లకు బ్రిటనులో అంతవరకు ఉండిన పన్ను మినహాయింపు 2025 ఏప్రిలు 1వ తేదీతో ముగిసినది. ఒక మినహాయింపు పోయినప్పుడు రెండవదియు పోవునని ఊహించుటకు ఎంతసేపు? కాని ఈ రెండింటికిని కారణములు వేరు. విద్యుత్తు కార్లు నానాటికి పెరుగుచున్నవి. ఆ సంఖ్య పెరిగినకొలది పెట్రోలు మీదను, పాత బండ్ల మీదను వచ్చు రాబడి తగ్గును. పాత కార్ల సంగతి అట్టిది కాదు. పక్కయింటి గోడ కూలినదని విని తన గోడకు ఆనుకొని నిలుచుట జాగ్రత్త. కూలినదని ఊరంతయు చాటుట తొందరపాటు.

మూడవది, మాటలను తారుమారు చేయుట వలన కలుగు భ్రమ. అక్కడ పన్ను లేని పాత కారునకు సైతము యజమాని ఏటా లైసెన్సు పొందవలెను. కాగితము నింపవలెను, చెల్లింపవలసిన సొమ్ము మాత్రము సున్న. అంతేకాదు, కారును అద్దెకు త్రిప్పినను, వ్యాపారమునకు వాడినను మినహాయింపు వర్తింపదు. ఇట్టి వివరములు తెలియని వానికి "నీ వాహనపు పన్ను సంగతి చూచుకొనుము" అను లేఖ వచ్చినచో గుండె ఝల్లుమనుట ఆశ్చర్యము కాదు. లేఖలోని మొదటి పంక్తి చదివి పొరుగువానికి చెప్పును. చివరి పంక్తిలోని సున్నను చెప్పడు. పొరుగువాడు దానికి ఒక పౌండును, వాని పొరుగువాడు నూరు పౌండ్లను చేర్చును. గోరంత మాట కొండంత యగుట ఈ విధముగనే.

నాల్గవది, ఆలోచనను ఆజ్ఞగా భావించుట. దీనికి మంచి ఉదాహరణము కలదు. 2012లో ఐరోపా సంఘము వాహనముల యోగ్యతా పరీక్షలను గూర్చి ఒక ప్రతిపాదనను వెలువరించెను. అందులో "చారిత్రక వాహనము" అనగా నేమి యను నిర్వచనము ఉండెను. తొలి భాగములు మార్చని వాహనము అను అర్థము గల మాటలు అందులో కనిపించినవి. అంతట "భాగములు మార్చిన పాత కార్లన్నింటిని రోడ్డు మీదినుండి తొలగింపబోవుచున్నారు" అను కలవరము వ్యాపించెను. నిజమునకు ఆ నిర్వచనము పరీక్ష నుండి ఎవరికి మినహాయింపు ఈయవచ్చునో నిర్ణయించుటకు ఉద్దేశింపబడినది. నిర్వచనములో చేరని కారు పరీక్షకు పోవలెను గాని పాడుబావిలోనికి పోనక్కరలేదు. చర్చలు జరిగి 2014లో చట్టరూపము దాల్చునప్పటికి, 30 ఏండ్లు నిండి, తయారీ నిలిచిపోయి, గొప్ప మార్పులు పొందని వాహనము చారిత్రకమని స్థిరపడినది. దానికి పరీక్ష ఎట్లుండవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ ఆయా దేశములకు మిగిలినది. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ"మన్నట్లు, చట్టము పుట్టకముందే దాని పేరు పెట్టి ఏడ్చినవారు ఎందరో!

అయిదవది, ఒక దేశపు మాటను వేరొక దేశమునకు అంటగట్టుట. జర్మనీలో 30 ఏండ్లు నిండి మంచి స్థితిలో ఉన్న కారునకు 1997 నుండి ప్రత్యేకమైన పలక ఇచ్చుచున్నారు. నమోదు సంఖ్య చివర ఒక అక్షరము చేర్తురు. దానికి ఇంజను పెద్దదైనను చిన్నదైనను సాలీనా పన్ను 191 యూరోల 73 సెంట్లు. అనగా జర్మనీలో పాత కారునకు పన్ను ఉన్నది, బ్రిటనులో లేదు. ఈ భేదము తెలియనివాడు జర్మనీ వార్త చదివి బ్రిటనులో భయపడును, బ్రిటను వార్త చదివి జర్మనీలో ఆశపడును.

ఇట్టి వదంతి వలన నష్టమేమి యని అడుగవచ్చును. తండ్రి విడిచిపోయిన కారును ముప్పది యేండ్లు కాపాడినవాడు, పన్ను భారము వచ్చునను భయముతో దానిని అయినకాడికి అమ్మివేయును. కొన్నవాడు ఆ వదంతిని నమ్మనివాడే యగును. భయపడినవాడు అమ్మును, భయపడనివాడు కొనును. వదంతి వలన ఎవరికైన లాభము కలిగినచో అది సామాన్యముగా ఈ రెండవవానికే. ఇంకొక నష్టము దీనికంటె పెద్దది. పదిసార్లు లేని పులిని చూపి కేకలు వేసిన పిదప, పదునొకండవసారి నిజమైన పులి వచ్చినను ఎవ్వరును కదలరు. నిజముగా మార్పు ప్రతిపాదింపబడిన నాడు అడుగవలసిన ప్రశ్న అడుగువాడు ఉండడు.

ప్రశ్న సకాలమున అడిగినచో ఫలమెట్లుండునో అమెరికాలో 2009లో కనబడెను. అప్పుడు అక్కడి ప్రభుత్వము, ఇంధనము ఎక్కువగా త్రాగు పాత కార్లను ఇచ్చి కొత్తవి కొనువారికి సొమ్ము సాయము చేయు పథకము తెచ్చినది. ఇచ్చిన కార్ల ఇంజన్లను పనికిరాకుండ పాడుచేయవలెనని నియమము. పాత కార్లయందు అభిమానము గలవారు, విడిభాగముల వర్తకులు ఊరక భయపడి కూర్చుండలేదు. ముసాయిదా తెప్పించుకొని చదివి, ఏ వయస్సు కార్లకు ఇది వర్తించునని ప్రశ్నించిరి. చివరకు చట్టములో 25 ఏండ్ల లోపు కార్లకే పథకము అను హద్దు ఏర్పడినది. ఆ వేసవిలో 6 లక్షల 70 వేలకు పైగా కార్లు ఇనుప కొట్టునకు పోయినను, నిజమైన పురాతన వాహనములు వానిలో చేరలేదు. భయము అందరిది ఒకటే. కాగితము చదివినవారి భయము పనికివచ్చినది.

ఇక మన దేశపు సంగతి. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ వారు పురాతన వాహనములకు ప్రత్యేక నిబంధనలు తెచ్చిరి. 50 ఏండ్లకు పైబడి, తొలి రూపము చెడని రెండు చక్రముల, నాలుగు చక్రముల వాహనములకు ఇవి వర్తించును. నమోదు పలకపై "వి. ఏ." అను అక్షరములు ఉండును. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అది 10 ఏండ్లు చెల్లును. పిమ్మట పొడిగింపునకు 5,000 రూపాయలు. ఆ వాహనమును ప్రదర్శనలకు, పరిశోధనకు, ఊరేగింపు పందెములకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనుటకు మాత్రమే రోడ్డుపైకి తేవచ్చును గాని నిత్యకృత్యములకు వాడరాదు. ఇచ్చట రుసుమునకు, పన్నునకు గల భేదము గమనింపదగినది. 20,000 అను అంకెను విని, 10 ఏండ్లు అను మాటను వినని చెవికి ఇది ఏటేట వచ్చు పిడుగుగా తోచును.

రైతు సోదరులకు ఇంకను దగ్గరి ఉదాహరణము కలదు. "పదేండ్లు నిండిన ట్రాక్టరును తుక్కు చేయవలె"నను మాట 2023లో చేతి ఫోనుల ద్వారా దేశమంతట వ్యాపించెను. దీనికిని ఒక నిప్పు లేకపోలేదు. 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల నమోదును ఇకపై పొడిగింపరాదను నిబంధన ఆ యేడు ఏప్రిలు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వ వాహనమను మాట జారిపోయినది, 15 కాస్త 10 అయినది, జీపు కాస్త ట్రాక్టరు అయినది! కేంద్ర మంత్రిత్వశాఖ ఆ మాట పూర్తిగా అబద్ధమని ప్రకటింపవలసి వచ్చెను. వ్యవసాయ ట్రాక్టరునకు మొదట 15 ఏండ్లకు నమోదు జరుగుననియు, పిమ్మట 5 ఏండ్ల చొప్పున పొడిగించుకొనవచ్చుననియు, దానికి నిర్బంధమైన వయఃపరిమితి లేదనియు ఆ ప్రకటనలో స్పష్టము చేసిరి. ఆ నడుమ కాలములో ఎద్దులను అమ్మి కొన్న ట్రాక్టరును చూచుకొని నిద్రపట్టని రైతు పడిన బాధకు మాత్రము ఎవ్వరును పరిహారము ఈయలేదు.

మరి వదంతిని పరీక్షించుట ఎట్లు? దీనికి న్యాయవాది కానక్కరలేదు. నాలుగు ప్రశ్నలు చాలును.

మొదటిది : చెప్పినది ఎవరు? మన రాజ్యాంగము 265వ అధికరణము ప్రకారము చట్టము యొక్క అధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు. వాహనములపై పన్ను రాజ్యాంగములోని రాష్ట్రముల జాబితాకు చెందినది. తెలుగునాట దానికి మూలము 1963 నాటి మోటారు వాహనముల పన్ను చట్టము. నమోదు, యోగ్యతా పరీక్షలు 1988 నాటి కేంద్ర చట్టము క్రిందికి వచ్చును. కావున "ఢిల్లీవారు ట్రాక్టరు మీద పన్ను వేసిరట" అని వినినప్పుడే సగము అనుమానింపవచ్చును.

రెండవది : ఆ మాట ఏ దశలో ఉన్నది? ఒకరి అభిప్రాయమా, ప్రభుత్వము ప్రజాభిప్రాయము కోరిన ముసాయిదాయా, శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లా, రాజపత్రములో అచ్చయిన చట్టమా? విత్తనము, మొలక, చెట్టు, కాయ ఒకటి కావు. ముసాయిదా దశలో ఉన్నదానికి అభ్యంతరము వ్రాసి పంపవచ్చును. అచ్చయిన దానికి లోబడుటయో, న్యాయస్థానమునకు పోవుటయో తప్ప దారి లేదు.

మూడవది : ఎవరికి వర్తించును, ఎవరికి వర్తింపదు? మినహాయింపుల పంక్తి సామాన్యముగా చివర ఉండును. వదంతి చెప్పువాడు అంతదూరము చదివియుండడు.

నాల్గవది : ఏ తేదీ నుండి? తేదీ లేని పన్ను, ముహూర్తము లేని పెండ్లి వంటిది.

ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానము దొరకు చోటు టీ కొట్టు కాదు, రచ్చబండయు కాదు. గ్రంథాలయము. ఇచ్చట నిన్నటి పత్రిక ఉన్నది, గతవారపు పత్రిక ఉన్నది. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో "అట" అను మాట ఏ దినమున "అగును" అయినదో తెలిసిపోవును. గాలివార్తకు జ్ఞాపకము లేదు, పత్రికల కట్టకు ఉన్నది. పాత కార్లవారికి సంఘములు కలవు, చట్టము చదివి చెప్పు పెద్దలు కలరు. పల్లెవానికి అటువంటి సంఘము ఈ గ్రంథాలయమే.

ఇంకొక మాట చెప్పి ముగించుట ఉచితము. పన్ను అనగానే ఉలికిపడువారు జ్ఞాపకముంచుకొనదగిన దొకటి కలదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము ప్రజలు చెల్లించు ఇంటిపన్నుతో కూడ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. ఆ పైసలు ఏమైనవి, ఏ ఊరికి ఎంత చేరినవి, ఏ పుస్తకములు కొన్నారు అని అడుగు హక్కు అందరికిని కలదు. లేని పన్నును గూర్చి భయపడుటకు వెచ్చించు కాలములో పదవవంతు, ఉన్న పన్ను సక్రమముగా ఖర్చగుచున్నదో లేదో విచారించుటకు వెచ్చించినచో ఊరికి మేలు కలుగును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లల మీద పత్రికలు తెరచియే యున్నవి. మరొక ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగునాటికి, ఏ పన్ను మాట విన్నను ఈ ఊరివారు "ఉండుము, గ్రంథాలయమునకు పోయి చూచి వత్తము" అనునట్టి అలవాటు స్థిరపడుగాక! గ్రంథాలయమునకును, దానిని పెంచిన పెద్దలకును, దానిని నిలుపబోవు యువకులకును శుభమగుగాక!